ఆరని రంగు

"చెయ్యి తీయండి!"

అరుణకుమారి బెంగాలీలో అరిచిన అరుపుకి అలీపూర్ షెడ్డు చూరులోని పావురాలు రెక్కలు కొట్టుకుంటూ లేచాయి.

కారు పక్కన నిలబడ్డ ముసలాయన మాత్రం ఉలిక్కిపడలేదు. చేతికి పల్చటి పాలిథిన్ సంచి తొడుక్కుని, ఆ మెరూన్ రంగు పాతకాలపు కారు బానెట్‌ను మెల్లగా నిమురుతున్నాడు.

"ఇలాగ సంచీ ఏసుకుని నిమిరితే ఇసక రేణువు కూడా ఏలికి తగుల్తాదమ్మా. బాగా కడిగేరు. దుమ్ము నేదు."

తెలుగు వినగానే అరుణకుమారి కోపం తగ్గలేదు సరికదా, అనుమానం పుట్టింది. తను తెలుగుదని ఈయనకెలా తెలుసు?

"గీత పడితే ఎవరిది పూచీ? ఎవరు రానిచ్చారు మిమ్మల్ని?"

కాపలావాడు టీకి పోయి అరగంటయింది. షెడ్డు తలుపు బార్లా తెరిచి ఉంది.

ఆమె బుర్రలో కారు యజమాని సేన్‌బాబు మాటే గిర్రున తిరుగుతోంది. "రేపు పొద్దున్న నేను ఊరినుంచి వచ్చేసరికి ఈ కారు కవరు కింద ఉండాలి. నచ్చితే నా మిగతా పది కార్ల కవర్ల పనీ నీకే."

ఆ పది కార్లు దక్కితేనే వాట్‌గంజ్‌లో ఆమె కార్ల కవర్ల కొట్టు నిలుస్తుంది. ఆమెను నమ్ముకుని మిషన్ల ముందు కూర్చున్న నలుగురు ఆడవాళ్లకూ పని ఉంటుంది.

అందుకే ఎక్కడా లోటు చేయలేదు. ఇనప టేపు కారు దగ్గరికి రానివ్వకుండా బట్ట టేపుతో కొలిచింది. లోపల మెత్తటి ఫ్లానల్ వేసింది. జిప్పు లేదు, కొక్కెం లేదు. సాయం వచ్చిన ఆడపడుచు హైమ చేత గాజులు, ముక్కుపుడక కూడా తీయించింది.

"తాళి ఒక్కటీ ఉంచనిచ్చింది, దయామయి," అంది హైమ, దాన్ని జాకెట్టులోకి దోపుకుంటూ.

ముసలాయన ఈలోగా కారు తలుపు తెరిచి, లోపలి అంచు మీద గోటితో నొక్కి, ఆ వేలు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"రంగేసి ఎన్నాళ్లయిందమ్మా?"

"ఎనిమిది రోజులు. ఆరిపోయింది. ముట్టుకుని మరీ చూశాను."

"పైకి ఆరింది. లోపల ఆర్నేదు. ఈ ఉక్కలో, ఈ రేకుల షెడ్డులో, ఒంటికంటుకునే కవరు ఏస్తే రంగుకి ఊపిరాడదు. నెల్లాళ్లు ఆగు తల్లీ."

"నెల్లాళ్లా!" హైమ నోరు నొక్కుకుంది. "అప్పటికి సేన్‌బాబు మనల్నే దండెం మీద ఆరేస్తాడు."

ముసలాయన నవ్వాడు. మడత పెట్టి ఉన్న కవరు అంచు అందుకుని, కుట్టు వెంట వేలు పోనిచ్చాడు.

"పక్క అద్దం కాడ ఈ మలుపు బాగా తిప్పేవమ్మా. నాకిన్నేళ్లలో కుదర్నేదు."

"అంటే మీరూ కవర్లు కుడతారు!"

"అవునమ్మా. మెటియాబ్రుజ్‌లోన ధర్మారావు కొట్టు."

అరుణకుమారి ఒళ్లు భగ్గుమంది. ఈ చుట్టుపక్కల ఏ పెద్దింటి కారుకు కవరు కావాలన్నా ముప్పై ఏళ్లుగా వినపడేది ఆ ధర్మారావు పేరే. మనిషిని ఆమె ఎన్నడూ చూడలేదు. ఆ పేరు అడ్డం పడి పోగొట్టుకున్న బేరాలు మాత్రం చాలానే ఉన్నాయి.

"మీ ధర్మారావు పంపాడా?"

"ఎవులో పంపడమేటమ్మా. సేన్‌బాబు..."

"చాలు! నేను నెల ఆగాలి. ఆలోగా ఈ పది కార్లూ మళ్లీ మెటియాబ్రుజ్‌కే పోవాలి. అంతేనా? డిగ్రీ చదివాను తాతా, ఈ మాత్రం ఎత్తు నాకూ తెలుస్తుంది. వెళ్లండి."

"అది కాదు తల్లీ..."

"వెళ్తారా, కాపలావాణ్ణి పిలవనా?"

ముసలాయన సంచి తీసి, మడిచి, జేబులో పెట్టుకున్నాడు.

"నీతో నాకు పోరేటమ్మా? కారు గురించే నా దిగులు," అని బయటికి నడిచాడు.

"అలా అన్నావేటి వదినా, పెద్దాయన్ని?"

"నువ్వు ఆ కొస పట్టు."

ముందు పైకప్పు మీద పరిచి, ఎక్కడా ఈడ్చకుండా నాలుగు వైపులా దించారు. కవరు అచ్చం చర్మంలా పట్టేసింది.

"నా పెళ్లి జాకెట్టు కూడా ఇంత కుదర్లేదు," అంది హైమ.

మర్నాడు పొద్దున్నే సేన్‌బాబు షెడ్డులో నిలబడ్డాడు.

"తీసి చూపించు."

అరుణకుమారి బానెట్ దగ్గర అంచు పట్టి ఎత్తింది. రాలేదు. ఇంకాస్త బలంగా ఎత్తింది. చిరచిరమని ఊడివచ్చింది.

మెరూన్ రంగు మీద ఫ్లానల్ నేత పోగుపోగునా అచ్చుపడి ఉంది. నడిమధ్యన తాడు పరిచినట్టు కుట్టు గీత.



సేన్‌బాబు అరవలేదు. అరిచినా బాగుండేది.

"ధర్మారావు నిన్న రాలేదా?" అన్నాడు. "దగ్గరుండి చూడమన్నానే."

"వాళ్ల కొట్టునుంచి ఎవరో ముసలాయన వచ్చారు బాబూ. ఆగమన్నారు." అబద్ధమాడటానికి నోరు రాలేదు. "నేనే పొమ్మన్నాను."

"ఆ కొట్లో ధర్మారావు తప్ప ఇంకెవరున్నారమ్మా?"

హైమ చేతిలోని కవరు కొస జారిపోయింది.

"నా పని చెడగొట్టడానికి వచ్చారనుకున్నాను," అంది అరుణకుమారి, తనకే వినపడనంత మెల్లగా.

సేన్‌బాబు ఆ గీత మీద బొటనవేలితో ఒకసారి రుద్ది చూసి అన్నాడు: "'కొట్టు మూసేస్తున్నాను బాబూ, వాట్‌గంజ్‌లో మా తెలుగు పిల్ల నాకంటే బాగా కుడుతోంది, నా పనంతా ఆ పిల్లకే ఇప్పించండి' అని ధర్మారావు నా చేతులు పట్టుకుంటేనే కదమ్మా, నేను నిన్ను వెతుక్కుంటూ వచ్చింది."