అబద్ధమాడని మిషను

“జాతకం కలిస్తేనే పిల్లను చూసుడు. లేకుంటే ఇటునుంచి ఇటే పోతం,” అన్నాడు సారంగపాణి, కుర్చీలో కూర్చోకుండానే. పక్కన కొడుకు అవునన్నట్టు తలూపాడు.

ఎల్లస్వామికి నవ్వొచ్చింది. హనుమకొండలో కంప్యూటర్ జాతకం చెప్పే ఒకే ఒక్క మనిషితోనా ఈ మాట!

“అండ్ల ఫికరేంది బావగారూ? పిల్ల పట్టుచీర కట్టి లోపలి అర్రల తయారుగ కూసుంది. ముందుగాల మీ ముంగటనే కంప్యూటర్‌ను అడుగుదాం. మనిషన్నంక తప్పు చెప్తడు, మిషన్ చెప్పదు. జర చెప్పులు బయట విడువుండ్రి. దుమ్ము పడితే దానికి తిక్క లేస్తది.”

తండ్రీకొడుకులు చెప్పులు విడిచి వచ్చారు. బీరువా కన్నా ఎత్తున్న ఆ మిషన్‌ను చూడగానే సారంగపాణి చేతులు వాటంతట అవే జోడయ్యాయి. ఎనభై అయిదులో కంప్యూటర్ అంటే పేపర్లో చదవడమే కానీ కళ్లారా చూసిందెవరు గనక!

ఆ మాటకొస్తే ఇదీ చచ్చిన కంప్యూటరే. ఏదో కాలేజీవాళ్లు పాతసామాను వేలం వేస్తే ఎల్లస్వామి ఎడ్లబండి మీద తోలుకొచ్చుకున్నాడు. పాడైన వస్తువు కనబడితే ఆయన చెయ్యి ఊరుకోదు. మూగబోయిన రేడియోలు, ముల్లు కదలని మీటర్లు ఇంటినిండా పోగేశాడు. వాటి మీటలూ ముళ్లూ పీకి దీనికి తగిలించాడు. ఓ రేడియోలోంచి పీకిన పచ్చలైటు దీని నెత్తిన కన్నులా వెలుగుతుంది. పెళ్లిపందిరి సీరియల్ బల్బులు పొట్ట మీద మినుకుమంటాయి. పొట్టలో మాత్రం తీగముక్క లేదు. ఓ పీట, ఓ తెలుగు టైపు మిషను, వాటితో పాటు బామ్మర్ది గట్టయ్య. వెనక తలుపు లోపలి అర్రలోకి ఉంటుంది కనుక వాడి రాకపోకలు ఎవరికీ తెలియవు. బయట మీట ఒకసారి నొక్కితే యోగం, రెండుసార్లు నొక్కితే గండం. గండం వచ్చినవాళ్లకు శాంతిపూజ కూడా ఎల్లస్వామే చేస్తాడు. రోగమూ ఆయనే తెస్తాడు, మందూ ఆయనే అమ్ముతాడు.

“పిల్ల టైపు పాసైందటగద?” అడిగాడు సారంగపాణి.

“హయ్యర్ పాసు, బావగారూ!”

“ఇంకేం, మా బట్టల దుకాణంల బిల్లులు కొట్టుకుంట కూసుంటది. గుమాస్తాను పొమ్మంట.”

ఎల్లస్వామి పొంగిపోయాడు. వరంగల్ చౌరస్తాలో రెండంతస్తుల దుకాణం వాళ్లది. సంబంధం కుదిరితే ముందుగది కంప్యూటర్‌కు ఇస్తామని ముందే చెప్పించారు. ఇక జనం విరగబడరూ! ఈ పిచ్చిపిల్ల పద్మకే అదృష్టం తలుపు తట్టిందని తెలియడం లేదు. “నాయినా, నౌకరి పరీక్షకు పిలిచిండ్రు, పోత,” అని పొద్దున్నే ఏడుపు మొహం పెట్టింది. ఎల్లస్వామి కోప్పడలేదు. మిషన్‌నే అడిగి, ‘ఉద్యోగ యోగము లేదు’ అన్న కాగితం కూతురి చేతిలో పెట్టాడు.

“అండ్ల గట్టయ్య మామ కూసున్నడని నాకు తెల్వదా నాయినా?”

“తెలిస్తే తెలిసె. కాగితం కాగితమే,” అని అప్పుడే తేల్చేశాడు.

ఇప్పుడు మీట ఒకేఒక్కసారి నొక్కాడు. బల్బులు మినుకుమన్నాయి. లోపల టకటకమంటూ టైపు పరుగందుకుంది. రోజూ ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టే గట్టయ్య ఇవాళ భలే హుషారు మీదున్నాడు. మేనకోడలి పెళ్లంటే మాటలా మరి! చీలికలోంచి కాగితం బయటకు జారింది.

“నేనే చదువుత,” అని సారంగపాణి లాక్కున్నాడు. “ఈ కన్యకు దివ్యమైన ఉద్యోగ యోగము కలదు. పెండ్లి చేసిన ఏడాది లోపల... మామగారికి ప్రాణగండము. శాంతిపూజకు లొంగదు.”

ఎల్లస్వామి ఆ కాగితం లాక్కోబోయాడు.

“ఆగుండ్రి బావగారూ! మిషన్ జర గరమైంది. ఒక్కోపారి తప్పు కొడ్తది!”

“ఇప్పుడే గద మిషన్ తప్పు చెప్పదంటివి?”

“అంటే... అట్ల గాదు...”

“ఎట్లనో చెప్పు మరి. పోయిన నెల మా చెల్లె బిడ్డకు గిదే మిషన్ గండం చెప్తే, మంచి సంబంధం ఇడిచిపెట్టుకున్నం. అది సుత తప్పేనా? ఇది అబద్ధమంటే చెప్పు, మా చెల్లెను, బావను ఇప్పుడే తోల్కొస్త.”

నిజమంటే సంబంధం పోతుంది. అబద్ధమంటే సంబంధంతో పాటు ఈ జాతకాల వ్యాపారమూ పోతుంది, పైపెచ్చు వీపూ చిట్లుతుంది. మింగలేక కక్కలేక చివరికి ఎల్లస్వామి, “నిజమే,” అన్నాడు.

తండ్రీకొడుకులు ఒకరి చెప్పులు ఒకరు వేసుకుని మరీ పరుగెత్తారు.

వాళ్లు మలుపు తిరగగానే ఎల్లస్వామి మూలనున్న కర్ర అందుకున్నాడు. తిన్నింటి వాసాలు లెక్కపెడతాడా! ఇవాళ వీడి వీపు విమానం మోత మోగాల్సిందే. “ఒరేయ్ గట్టయ్యా, నీ తోలు తీస్త!” అని అరుస్తూ లోపలి అర్రలోకి దూసుకెళ్లి, మిషన్ వెనక తలుపు మీద చెయ్యి వేశాడు.

“నేనేం జేసిన బావా?” అంటూ పెరటి గుమ్మంలోంచి వచ్చాడు గట్టయ్య, చేతిలో నూనె కారుతున్న పొట్లంతో. “చుట్టాలు అప్పుడే పోయిండ్రా? మిర్చీలు తెమ్మని పద్మ తోలింది. బండికాడ ఒకటే గిరాకి.”

ఎల్లస్వామి చేతిలో కర్ర జారిపోయింది. మెల్లగా తలుపు లాగాడు.

లోపల పీట మీద పట్టుచీర కుచ్చిళ్లు సర్దుకుంటూ, తల నిండా మల్లెపూలతో పద్మ తలెత్తి చూసింది.

“కాగితం కాగితమే, నాయినా.”