రాగిచేను

పక్కచేను కదిరప్ప మీద ఆదెప్పకు పీకలదాకా కోపం.

ఒక్కమాట అడగకుండా ఎవడో పరాయి మనిషిని తన ఇంటికి తోలాడు. "ఆ ఇంట్లో జబ్బు మనిషి ఉండాది, పోయి సూడు" అన్నాడట.

ఆదెప్ప హిందూపురంలో బ్రెడ్డు కొనుక్కుని ఇల్లు చేరేసరికి ఆ మనిషి అరుగు మీద కూర్చుని మజ్జిగ తాగుతున్నాడు. మోకాళ్లదాకా దుమ్ము. గోడకు ఆనించిన బాడుగ సైకిలు. పక్కన చిన్న సీసా, అందులో ఈరక్క నెత్తురు.

రెండేళ్లుగా విరేచనాలతో పుల్లలా అయిపోయిన పెండ్లాం. ఒంట్లో ఉన్నదే రవ్వంత నెత్తురు.

"ఎవరప్పా నువ్వు?"

"బెంగళూరు ఆస్పత్రిలో పని చేస్తా. కడుపుజబ్బువాళ్లను వెతుకుతూ ఊరూరా తిరుగుతున్నా. ఈమెకు ఈ జబ్బు ఎప్పటినుంచి?"

అరవై ఐదు కరువులో రేషను డిపోవాళ్లు గోధుమలు ఇచ్చినప్పటి నుంచి అని ఈరక్కే లోపలి నుంచి చెప్పింది.

ఆ మనిషి తలాడించాడు. కొందరి ఒంటికి గోధుమ పగ అనీ, ఆ పగ గుర్తు నెత్తురులో దొరుకుతుందనీ, పరీక్ష చేసి జాబు రాస్తాననీ చెప్పాడు.

"అందాకా గోధుమ రవ్వగంజి వద్దు, బ్రెడ్డూ గోధుమదే, అదీ వద్దు. రాగిసంగటి పెట్టు, చాలు."

ఆదెప్పకు తిక్కరేగింది. ఊళ్లో ఎవరికి జబ్బు చేసినా మొదట మాన్పించేది సంగటినే. బ్రెడ్డు తెచ్చి పెట్టినవాడే పెండ్లాన్ని బాగా చూసుకున్నట్టు లెక్క.

"జబ్బు మనిషికి సంగటి పెట్టి సంపమంటావా? నేనేమన్నా గతిలేనోన్నా? కాంపౌండరు పని సేసుకునేటోనివి, నాకు వైద్యం సెప్తాండావు."

సీసా ఎత్తి బండకేసి కొట్టాడు.

ఆ మనిషి కిందకు వంగి గాజుపెంకులన్నీ ఏరాడు. చూపుడువేలు తెగింది. పెంకులు రుమాల్లో మూటకట్టుకుని సైకిలెక్కాడు.

"ఒక్క నెల పెట్టి చూడప్పా" అన్నాడు పోతూ.

ఆ నెలంతా ఆదెప్ప పంతంగా బ్రెడ్డే తెచ్చాడు. ఈరక్క మంచం దిగడం మానేసింది.

ఇక బెంగళూరు పెద్ద డాక్టరే గతి అన్నారందరూ. దానికి దుడ్లు కావాలి. బావికింది చేను ఆ కదిరప్పకే రాసిచ్చి, పెనుకొండలో రైలెక్కాడు.

రైల్లో ఈరక్క ఒక్కటే అడిగింది.

"రోంత సంగటి తినాలనుండాది."

"పెద్ద డాక్టరు సూడనీ. బాగయినాంక తిందువుగాని."

పాలలో బ్రెడ్డు ముంచి నోట్లో పెట్టాడు.

ఆస్పత్రి వసారాలో రెండు రోజులు కాచుకున్నారు. పేగు జబ్బులకు ఆయన్ను మించినవాడు లేడని పక్కవాళ్లు చెబుతుంటే ఆదెప్పకు ధైర్యం వచ్చేది. మూడోరోజు పొద్దున ఈరక్క ఏమీ అడగలేదు.

డాక్టరు వస్తున్నాడు లేవండని నర్సు కేకేసింది. జనం లేచి దారి ఇచ్చారు. ఆదెప్ప లేవలేదు. ఒడిలో ఈరక్క తల బరువెక్కిపోయింది.

తెల్లకోటు మనిషి వంగి నాడి పట్టుకున్నాడు. చాలాసేపు పట్టుకున్నాడు. తర్వాత ఆమె పెదవికి అంటిన బ్రెడ్డు తునకను మెల్లగా తుడిచాడు.

ఆ చూపుడువేలి మీద గాజుపెంకు కోసిన గీత ఇంకా చెరగలేదు.

అరుగు మీద మజ్జిగ తాగి, ఊరికే మందు చెప్పిపోయిన ఆ మనిషికి చూపించడానికే ఆదెప్ప అమ్ముకొచ్చింది, రాగులు పండే చేను, రెండెకరాల పదిహేడు సెంట్లు.