తాడు వద్దు

"ఎడమ! ఎడమంటుంటే!"

"ఎవరి ఎడమండీ? మీదా, నాదా?"

అప్పటికే ఆలస్యమైపోయింది. హద్దు గుర్తుగా నీళ్ళలో తేలుతున్న ఎర్ర పీపాని పడవ ధన్‌మని గుద్దింది. తెడ్డు ఎగిరొచ్చి ఆమె మోకాలికి తగిలింది. ఒడ్డున జనం గొల్లున నవ్వారు.

ఓడల మ్యూజియం వాళ్ళు ఏటా జరిపే వేడుకల్లో ఇవాళ దంపతుల పడవ పందెం. ఒకరు తెడ్లు వెయ్యాలి, ఇంకొకరు చుక్కాని పట్టాలి. నీళ్ళ మధ్య లంగరేసి ఉన్న పాత స్టీమరు చుట్టూ తిరిగి, మళ్ళీ రేవు మెట్ల దగ్గరికి రావాలి. అంతే.

ఆమె తెడ్లు. ఆయన చుక్కాని.

తెడ్లు వేసే మనిషి వీపు వెళ్ళే దారివైపు ఉంటుంది. వచ్చిన దారీ, ఎదురుగా కూర్చున్న మొగుడి మొహమూ తప్ప ఆమెకి ఏమీ కనిపించవు. మిగతా పడవల వాళ్ళు మాటిమాటికీ మెడ తిప్పి చూసుకుంటున్నారు. ఆమె కూడా తిప్పబోయింది. పడవ కాస్త ఒరిగిందో లేదో, ఆయన గయ్యిమన్నాడు.

"వెనక్కి తిరక్కు! నేను చెప్తున్నాగా. ఈ ఒక్కపూట నా మాట మీద నడిస్తే నీ సొమ్మేం పోతుంది?"

"పోయేది సొమ్ము కాదు, పడవ!"

"అమ్మా, నీకేమైనా మతి పోయిందా? నాన్న చేతికి చుక్కాని ఇస్తావా?" అని కూతురు పొద్దుటినించీ చెవినిల్లు కట్టుకుని పోరింది. వింటేగా! ఆయన ఈ రేవులోనే లాంచీ సరంగుగా తల నెరిసిన మనిషి. పని మానేశాక ఎవరూ మళ్ళీ ఆయన చేతికి చుక్కాని ఇవ్వలేదు. పందెం సంగతి పేపర్లో చూసి ఆమె చదివి వినిపిస్తే, తింటున్నవాడల్లా ముద్ద ఆపేసి, "ఒక్కసారి... పడవని నా చేత్తో మెట్లకి చేర్చాలే" అన్నాడు. ఆ ఒక్క మాటకే కరిగిపోయి పేర్లిచ్చి వచ్చింది. ఇప్పుడు అనుభవిస్తోంది.

పడవ ఎక్కకముందే సగం పరువు పోయింది. చెయ్యి పట్టుకుని ఇద్దరూ మెట్లు దిగుతుంటే మైకాయన అందుకున్నాడు. "చూశారా, ఈ వయసులోనూ చెయ్యి వదలని జంట! కొత్త దంపతులూ, నేర్చుకోండి!" ఒకటే చప్పట్లు. ఆమెకి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆయన మాత్రం పెళ్ళికొడుకులా నవ్వుతూ గాల్లోకి చెయ్యి ఊపాడు.

మిగిలిన సగం స్టీమరు దగ్గర పోయింది.

"ఇక చుట్టు తిప్పేస్తున్నా, గట్టిగా లాగు" అన్నాడాయన హుషారుగా. ఉన్న సత్తువంతా కూడదీసుకుని లాగింది. దభేల్! తిన్నగా వెళ్ళి ఓడ పొట్టకే కొట్టుకున్నారు. పైనుంచి ఓడ కాపలావాడు వంగి చూశాడు.

"ఓ పెద్దాయనా! ఇంత ఓడ నీ కంటికి ఆనలేదా?"

"మీ ఓడే జరిగిందయ్యా! ఇదివరకు ఇక్కడ ఉండేది కాదు!"

కాపలావాడు నోరెళ్ళబెట్టాడు. ఆమె పళ్ళు నూరింది.

అంతలో ఒక పిల్లజంట పడవ సర్రున పక్కనించి దూసుకుపోయింది. "ఆంటీ, మీది రెండో రౌండా?" అంది తెడ్లు వేస్తున్న పిల్ల.

"మీరు పదండమ్మా, మేం గాలికొచ్చాం" అన్నాడాయన.

ఆమెకి అరికాలి మంట నెత్తికెక్కింది. "గాలికా? నా చేతులు బొబ్బలెక్కాయి. మీకు మాత్రం గాలి!"

"ఆ మైకొకటి, చెవులు చిల్లులు పడేలా! బుర్రని పని చెయ్యనిస్తేగా."

"అవును, పీపాని గుద్దింది మైకే. ఓడని గుద్దిందీ మైకే."

ఓడ ఒంటికి రాసుకుంటూ, గీసుకుంటూ ఎలాగో చుట్టు తిరిగారు. అప్పటికి పడవలన్నీ రేవు చేరిపోయాయి. నీళ్ళ మీద వీళ్ళొక్కళ్ళే. "ఆఖరి పడవగారూ, భోజనాల వేళకైనా వస్తారా?" అంటున్నాడు మైకాయన. ఇక లాభం లేదనుకున్నారేమో, మ్యూజియం మోటారు పడవ బయల్దేరి వచ్చింది. అందులో కుర్రాడు తాడు చుట్ట విప్పుతున్నాడు.

"తాడు వేస్తాను, పట్టుకో పిన్నీ! లాక్కుపోతాం!"

ఆయన మొహంలో నెత్తుటిచుక్క లేదు. "తాడు వద్దను" అన్నాడు గొంతు తగ్గించి. "నా రేవులోకి నన్ను కట్టి లాక్కుపోతారా? వద్దను."

ఆయన మీద కుతకుతలాడుతున్న కోపమంతా ఒక్కసారిగా అటు మళ్ళింది.

"దూరం జరుగు నాయనా! ముందా ఇంజను ఆపు! ఇదిగో మైకాయనా, నిన్నే! నువ్వూ ఆ గోల ఆపు! మా పడవ మేం తెచ్చుకుంటాం!"

ఇంట్లో గోడలకి కూడా వినపడకుండా మాట్లాడే మనిషి ఆమె. ఆ కేకకి ఇంజను ఆగింది. మైకు ఆగింది. నవ్వేవాళ్ళు కూడా ఆగారు.

నీళ్ళు మెట్లకి కొట్టుకునే చప్పుడొక్కటే మిగిలింది. ఆయన తల ఓ పక్కకి వాల్చాడు. చుక్కాని మీద వేళ్ళు నెమ్మదిగా బిగిశాయి.

"లాగు... ఊఁ, ఇంకొంచెం. కుడి తెడ్డు ఆపు. ఇక రెండూ ఎత్తెయ్."

ఎత్తేసింది. పడవ దానంతటదే జారుతూ వెళ్ళి, మెట్టుకి మెత్తగా ఆనింది. ఆయన చుక్కానిని ఒకసారి నిమిరాడు. ఆమె అటు చూడలేక తెడ్లు సర్దుకుంది.

మైకాయన మైకు పక్కన పడేసి చరచరా దిగి వచ్చాడు.

"ఏంటి సార్ ఇది! పీపాని గుద్దారు. ఓడకి రంగంతా లేపేశారు. వచ్చే ఏడైనా చుక్కాని మేడమ్‌కిచ్చి, మీరు తెడ్లు వెయ్యండి!"

"కుదరదు. వచ్చే ఏడూ చుక్కాని నాదే" అన్నాడాయన, నవ్వుతూ లేచి నిలబడి.

ఆమె ముందు తను మెట్టెక్కి, చేతిసంచిలోంచి మడతపెట్టిన తెల్లకర్ర తీసి, విప్పి, గాల్లో తడుముకుంటున్న ఆయన చేతికి అందించింది.