పొట్ట పిసికే ముసలమ్మ

సమార్ దీవి రేవులో పడవ దించిన పిల్లను నేరుగా ఆసుపత్రికి మోసుకొచ్చారు.

పన్నెండేళ్లుంటాయి. నొప్పికి మోకాళ్లు కడుపులోకి ముడుచుకుంది.

తల్లి బెనిల్దా పక్కనే ఏడుస్తోంది. వెనక ఒక ముసలమ్మ, ఒళ్లంతా ఉప్పునీళ్లతో.

"డాక్టరుబాబూ, ఎడమపక్క పైనుండాల్సింది కిందికి జారింది. మెలి తిరిగింది. ఎవర్నీ నొక్కనివ్వకు."

సర్జన్ తియోదులో ఆమెను ఎగాదిగా చూశాడు. "ఎవరీమె?"

"ఇసియాంగ్ అని, అవతలి దీవి నాటువైద్యురాలు సార్. అందరూ పొట్ట పిసికే ముసలమ్మంటారు," అంది నర్సు.

డాక్టరుకు ఒళ్లు మండింది. ఇలాంటి పిసుకుడుకే కిందటి నెల ఒకడు పేగు చిట్లి చనిపోయాడు.

బెనిల్దాను పిల్లతోపాటు స్కాన్ గదికి పంపి, ముసలమ్మ వైపు తిరిగాడు.

"ఎంతసేపు పిసికావు?"

"నేను..."

"చాలు. బయటికి నడువు. పిల్లకేమైనా అయితే పోలీసులకు నేనే చెప్తా."

"తర్వాత తిడుదువుగాని నాయనా. ముందు పిల్లను చూడు. ఆలస్యమయ్యేకొద్దీ అది నల్లబడిపోద్ది."

తొణక్కుండా మెట్లు దిగి వెళ్లిపోయింది.

స్కాన్‌లో ప్లీహం దాని చోట లేదు. బొడ్డు కింద ఉంది. దాని రక్తనాళాలు తాడులా మూడు మెలికలు పడ్డాయి.

కోసి చూస్తే నేరేడుపండు రంగులో ఉంది. ఒక్కో మెలికా విప్పాడు. వేడి గుడ్డ కప్పి, గోడ గడియారం చూస్తూ నిలబడ్డాడు.

పది నిమిషాలకు ఎరుపు తిరిగింది. పైన దాని చోటే కుట్టి నిలబెట్టాడు.

"గంట ఆలస్యమైతే తీసెయ్యాల్సొచ్చేది," అన్నాడు బెనిల్దాతో. "ఇంకెప్పుడూ పొట్ట పిసికించకండి."

"పిసకలేదు సార్! కాళ్లావేళ్లా పడ్డా ఒప్పుకోలేదు. నోటికొచ్చినట్టు తిట్టాను కూడా. వేలితో అలా తాకి చూసి, 'ఇది చేతుల పని కాదు, కత్తి పని' అని పడవ తీసింది. దారిలో మోటారు ఆగిపోతే తనే తెడ్డేసింది."

డాక్టరు రేవుకి పరుగెత్తాడు.

పడవ అప్పటికే వెళ్లిపోయింది.

"ఇసియాంగా?" అన్నాడు రేవులో వల బాగుచేసుకుంటున్న ముసలాయన. "కన్నకూతురు ఆవిడ పిసుకుతుండగానే ప్రాణం వదిలింది సార్. ఇరవయ్యేళ్ల నుంచీ ఎవరి పొట్ట మీదైనా ఆవిడ చెయ్యి వేసేది, ఎవర్ని పడవెక్కించాలో తెలుసుకోడానికే."