ఖాళీగా తిప్పి చూసిన గేర్లు

"ఆపండి మామయ్యా," అన్నాడు అల్లుడు, క్రేను గేర్‌బాక్సులోకి టార్చి వేసి చూస్తూ.

పక్కనే కూర్చుని క్రేను నడుపుతున్న మామ మీట వదిలాడు. కరిగిన ఇనుముతో నిండిన తొట్టి షెడ్డు మధ్యలో గాల్లో ఆగిపోయింది.

"మళ్లీ ఏమొచ్చింది? కొత్త గేర్లు వెన్నలా తిరుగుతున్నాయని పొద్దున్నుంచీ నువ్వే ఊదరగొట్టావుగా."

"పొద్దున ఖాళీగా తిప్పి చూశాం. ఎక్కడ రాసుకుంటున్నాయో తెలియడానికి పళ్లకు పూసిన నీలం రంగు మధ్యలో చెరిగింది. మళ్లీ పూసి బరువెత్తితే, ఇప్పుడు కొసల్లోనే చెరిగింది."

"అయితే?"

"బరువు పడేకొద్దీ గేర్లు ఒకదాన్నొకటి అవతలకి నెట్టుకుంటాయి."

"అత్తాకోడళ్లలాగా."

అల్లుడు నవ్వలేదు. "ఆ నెట్టుడుకి ఇరుసులు వంగుతున్నాయి. పళ్ల కొసలు మాత్రమే పట్టుకుని ఉన్నాయి. అవి జారితే తొట్టి కిందికే."

మామ మళ్లీ మీట పట్టుకున్నాడు. "మెల్లగా దించేస్తాను."

"దించినా, ఆపినా బరువు అదే కదా. నేల తగిలేదాకా నెడుతూనే ఉంటాయి."

కింద మామ కూతురు ఇసుక బుట్ట నడుముకి ఆనించుకుని, తొట్టి కిందున్న దారిలోకి అడుగు పెట్టింది. భార్యని చూసి అల్లుడు కేక వెయ్యబోయాడు. మామ అతని నోరు నొక్కేశాడు.

"పిలవకు. దాని సంగతి నాకు తెలుసు. ఎవరు పిలిచినా ఉన్నచోటే ఆగి, తలెత్తి చూస్తుంది. దాటిపోనీ."

ఇద్దరూ ఆమె అడుగులే చూస్తున్నారు.

గేర్‌బాక్సులో టక్కుమంది.

ఆ చప్పుడుకి ఆమె ఉన్నచోటే ఆగి, తలెత్తి చూసింది.