మేనమామ పోలిక

అత్తగారు మేకుల డబ్బా దాచేసింది. సుత్తి పక్కింటికి పంపేసింది. కోడలు కడుపుతో ఉన్న ఇంట్లో, బిడ్డను కాసే గర్భదేవుడు ఏ మూల కూర్చుంటాడో తెలియదు. మేకు కొడితే బిడ్డ మేనికి తగులుతుంది. మంచం జరిపితే బిడ్డ బెదురుతుంది. తైనాన్ ఊళ్లో ఈ సంగతి తెలియని ముసలమ్మ లేదు.

దారికడ్డంగా ఉండిపోయిన కుర్చీని బోవెయ్ రోజూ గుద్దుకుంటున్నాడు. "దేవుడు కదలడు, కుర్చీ కదలదు. కదిలేది నా మోకాలిచిప్పే," అన్నాడు తల్లితో.

అతని భార్య రుయిలిన్ మాత్రం ఈ కట్టడికి మురిసిపోయింది. ఎక్కడి వస్తువు అక్కడే ఉండటం పెళ్లయ్యాక ఇదే మొదలంది. అయినా కాలు నిలవడం లేదు. వంటింటి నుంచి గుమ్మానికి, గుమ్మం నుంచి వంటింటికి. అదే దారి, అదే నడక.

దిగులెందుకో ఇంట్లో అందరికీ తెలుసు. ఆమె తమ్ముడు చెంగ్‌హాన్‌కి ఆటిజం. ఆదివారం వస్తాడు. గుమ్మంలో చెప్పులన్నీ రంగుల వరసలో పేరుస్తాడు. అక్క పక్కన కూర్చుంటాడు. గంటసేపు ఇద్దరూ ఒక్క మాటా ఆడరు. "బాగా గడిచింది," అని వెళ్లిపోతాడు.

అత్తగారు అతణ్ణి చూసి, కోడలి పొట్ట చూసేది. "మేనమామ ముక్కొస్తే మొక్కుకుంటాను. మిగతాది కూడా వస్తేనో?"

ఆ మాట మీదే అత్తగారూ కొడుకూ కోడలూ ఆసుపత్రికి వెళ్లారు. ఆటిజం కుటుంబాల్లో నడిచే మాట నిజమేనంది డాక్టరమ్మ. మేకులకూ మంచాలకూ దానితో సంబంధం లేదట. మేనమామకు ఉంటే అవకాశం కాస్త పెరుగుతుందట. కడుపులో ఉండగా తేల్చి చెప్పే పరీక్ష మాత్రం లేదట.

"ఖచ్చితంగా చెప్పలేరా?" రుయిలిన్ మళ్లీ మళ్లీ అడిగింది.

"చెప్పలేనమ్మా. కానీ రాకపోవడానికే అవకాశం ఎక్కువ."

అత్తగారు గుండెల మీద చెయ్యి వేసుకుంది. ఆ సంతోషంలో దారిలో ఆగి కోడలికి చేప సూప్ తాగించింది.

ఇంటికి రాగానే రుయిలిన్ మళ్లీ నడక మొదలుపెట్టింది. ఈసారి ఇంకా వేగంగా. కుర్చీకి ఒక్కసారీ తగలకుండా.

బోవెయ్ మోకాలు రుద్దుకుంటూ అడిగాడు. "విచారం పోయిందిగా. ఇంకా ఈ పచారెందుకు?"

ఆమె గుమ్మం దగ్గర ఆగింది. తమ్ముడు పేర్చిన చెప్పులకేసి చూస్తూ అంది.

"తమ్ముడిలా, నాలా పుడితే పెంచగలను గానీ, మీ అందరిలా పుడితే, అది ఎందుకు ఏడుస్తోందో నాకెలా తెలుస్తుంది?"