కోటుకి కోటు

"అద్దం మీద చెయ్యి పెట్టకండి."

కంటికున్న భూతద్దం తీయకుండానే అన్నాడు గడియారాల మెకానిక్.

ముసలాయన చటుక్కున కుడిచెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఎడమచెయ్యి మాత్రం కర్రలా వేలాడుతోంది. భుజాన ఒక గుడ్డసంచి.

వీధిలో అందరూ మెకానిక్‌ని 'కోట్ల పిచ్చోడు' అంటారు. డబ్బు కోట్లు కావు, తొడుక్కునే కోట్లు. ముందుగదిలో గడియారాలు బాగుచేసి నాలుగు రాళ్ళు సంపాదిస్తాడు. వెనకగదిలో చచ్చిపోయిన సైనికుల బట్టల మీద తగలేస్తాడు.

"ఈ ఇంట్లో బతికున్నవాళ్ళ బట్టలకి ఒక్క కొక్కెం లేదు" అని భార్య దెప్పేది.

యుద్ధంలో పన్నెండుమంది పారాచూట్లతో శత్రువుల వెనక దూకారు. సైన్యమంతా గాలించి ఏరుకున్న మనుషులు. ఒక్కరూ తిరిగి రాలేదని పుస్తకాలన్నీ రాశాయి. వాళ్ళ కోట్లు పదకొండు పోగుచెయ్యడానికి మెకానిక్‌కి ఇరవై ఏళ్ళు పట్టింది.

మొట్టమొదట దొరికింది వంతెన కోటు. దాన్ని ముందుగదిలోనే అద్దాల బీరువాలో పెట్టుకున్నాడు. ఆ కోటు తొడుక్కున్నవాడు ఒంటరిగా వంతెన మీద నిలబడి, పూటంతా శత్రువుల్ని ఆపాడు. శవం దొరకలేదు. ఎడమ మోచేతి దగ్గర చీలి, నెత్తురు ఎండిన కోటే దొరికింది. కాలరు లోపల కుట్టి ఉన్న పేరుతో విగ్రహం కూడా లేచింది.

రోజూ పొద్దున్నే ఆ కోటుకి సెల్యూట్ కొట్టి గాని మెకానిక్ షాపు తెరవడు.

"ఆయన్ని ఎరిగినవాడు ఒక్కడు దొరికితే చాలు. కాళ్ళ దగ్గర కూర్చుని వింటాను" అనేవాడు భార్యతో.

ముసలాయన సంచిలోంచి ఒక కోటు తీసి బల్ల మీద పరిచాడు.

మెకానిక్ దాని మీదికి వంగాడు. భూతద్దంతో కుట్లు చూశాడు, గుండీలు చూశాడు, కాలరు లోపలి పేరు చూశాడు. అనుమానం లేదు. పన్నెండోది.

"ఎంతకిస్తారు?"

"అమ్మడానికి కాదు బాబూ. ఇది తీసుకుని, ఆ కోటు ఇవ్వండి."

"వంతెన కోటా? మతి ఉండే అడుగుతున్నారా? అసలిది మీకెక్కడిది?"

"నాదే."

పేరడిగితే చెప్పాడు. కాలరు లోపలున్న పేరే.

మెకానిక్ కోటు ఎత్తి వెలుతురుకి పట్టాడు. సరిగ్గా గుండె మీద మూడు తూటా రంధ్రాలు.

"చొక్కా విప్పండి."

"ఎందుకు బాబూ?"

"ఈ కోటు మీదైతే ఈ మూడు మచ్చలూ మీ ఒంటి మీద ఉండాలిగా."

లోపలి గుమ్మంలోంచి భార్య అంది.

"పెద్దాయన చేత చొక్కా విప్పిస్తారేంటండీ?"

"నువ్వూరుకో."

ముసలాయన కుడిచేత్తో ఒక్కో గుండీ విప్పాడు. చాలాసేపు పట్టింది. ముడతలు పడిన ఛాతీ మీద ఒక్క మచ్చ కూడా లేదు.

"చచ్చినవాడి పేరు తగిలించుకు తిరగడానికి సిగ్గులేదూ?" 'మీరు' కాస్తా 'నువ్వు' అయిపోయింది. "ఎక్కడ కొట్టుకొచ్చావు?"

"అది కాదు బాబూ. పోయినవాడి ఒంటి మీంచి నేనే తీసుకున్నాను. దూకేముందు మేము..."

"కథలొద్దు. ముందు బయటికి నడువు."

ముసలాయన ఒంటిచేత్తో గుండీలు పెట్టుకోబోతే జారిపోయాయి. భార్య వచ్చి పెట్టింది.

"చల్లగా ఉండు తల్లీ" అన్నాడాయన. వంతెన కోటు వైపు ఒకసారి చూసి, మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

పది రోజుల తర్వాత లాడ్జి గుమాస్తా అదే సంచి పట్టుకొచ్చాడు.

"మా లాడ్జిలో పెద్దాయన మొన్న పోయారండీ. నా అన్నవాళ్ళు లేరు. మునిసిపాలిటీ వాళ్ళే తీసుకెళ్ళారు. ఈ కోటు మీ బీరువాలో కోటు పక్కన పెడితే చాలన్నారు."

మెకానిక్ అప్పటికే సంచి విప్పుతున్నాడు.

"'వాడి పేరు మీద విగ్రహముంది, వాళ్ళమ్మకి అదే మిగిలింది, పోనీలే' అనుకునేవారు ఎప్పుడూ. ఎవరి గురించో మరి" అంటూ గుమాస్తా వెళ్ళిపోయాడు.

"మనిషి దొంగైనా సరుకు అసలుది" అన్నాడు మెకానిక్. రెండు కోట్లనీ పక్కపక్కన తగిలించాడు. పన్నెండూ పూర్తయ్యాయి. ఆ పూట ఈల వేసుకుంటూ పనిచేశాడు.

మర్నాడు పోస్టులో ఒక పాత నోటుపుస్తకం వచ్చింది. ఆ పన్నెండుమందిని విమానంలో తీసుకెళ్ళిన పైలట్‌ది. ఆర్నెల్ల క్రితం మెకానిక్ రాసిన ఉత్తరానికి ఆయన కూతురు ఇప్పటికి పంపింది.

'దూకేముందు ఎప్పటిలాగే జతగాళ్ళు కోట్లు మార్చుకున్నారు. ఎవరి కోటు వాళ్ళకి తిరిగివ్వాలంటే ఇద్దరూ బతికి రావాలి కదా, అదీ వాళ్ళ నమ్మకం.'

కింద ఆరు జతల పేర్లు. మూడో జతలో విగ్రహం మీది పేరు, పక్కనే ముసలాయన చెప్పిన పేరు.

మెకానిక్ తలెత్తి బీరువా వైపు చూశాడు. మూడు తూటాలు తిన్న కోటు. దాని పక్కన ఎడమ మోచేతి దగ్గర చీలిన కోటు.

కర్రలా వేలాడిన ఎడమచెయ్యి గుర్తొచ్చింది.

"ఏమైందండీ?" అంది భార్య.

మెకానిక్ నోటుపుస్తకం ఆమె చేతికిచ్చాడు. వెళ్ళి కాళ్ళ మీద పడదామంటే సమాధి ఎక్కడుందో కూడా తెలీదు.

ఇరవై ఏళ్ళుగా తను రోజూ పొద్దున్నే సెల్యూట్ కొట్టింది, చొక్కా విప్పించి బయటికి గెంటిన ఆ ముసలాయనకే.